సొంత పడవలో లక్షద్వీప్: సరదా ఎవరిది, సముద్రం ఎవరిది?

2025 జులైలో రెండు వారాల తేడాతో రెండు వార్తలు వచ్చాయి. జులై 11న లక్షద్వీప్ పాలనా యంత్రాంగం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. బిత్రా అనే చిన్న దీవి మొత్తాన్ని రక్షణ, వ్యూహాత్మక అవసరాల కోసం సేకరించే ఆలోచన ఉందని, దానికోసం సామాజిక ప్రభావ అధ్యయనం చేయిస్తామని అందులో ఉంది. జులై 25న ప్రధాని మోదీ మాలే వెళ్లారు. మాల్దీవులకు 4,850 కోట్ల రూపాయల రుణ సాయం ప్రకటించి, మర్నాడు వాళ్ల 60వ స్వాతంత్ర్య దినోత్సవంలో ముఖ్య అతిథిగా కూర్చున్నారు.

రెండో వార్త టీవీల్లో రోజంతా నడిచింది. మొదటిది చాలామందికి తెలియనే తెలియదు. కానీ రెండూ ఒకే కథలో భాగాలు. హిందూ మహాసముద్రంలోని ఈ పగడపు దీవుల మీద ప్రభుత్వాలకూ కన్నుంది, పెద్ద హోటళ్లకూ కన్నుంది, వారానికి లక్షలు పోసి సొంతంగా యాట్ మాట్లాడుకునే శ్రీమంతులకూ కన్నుంది. అక్కడ పుట్టి పెరిగిన జనం మాట మాత్రం చివర్లో వస్తోంది. ఆ జనంలో నూటికి తొంభై ఆరుగురు ముస్లింలు. కాబట్టి ఈ విషయం మన ఇళ్లలో కూడా మాట్లాడుకోవాల్సిందే.

ఒక ఫొటోతో మొదలైన హడావుడి

2024 జనవరి 2, 3 తేదీల్లో మోదీ లక్షద్వీప్‌లో పర్యటించారు. 1,150 కోట్లకు పైగా విలువైన పనులకు ప్రారంభోత్సవాలు, శంకుస్థాపనలు చేశారు. అయితే దేశమంతా చూసింది ఆ పనులను కాదు, బీచ్ మీద కుర్చీలో కూర్చున్న ఫొటోలను, నీళ్లలో ఈత కొట్టిన ఫొటోలను. దాని మీద మాల్దీవుల డిప్యూటీ మంత్రులు ముగ్గురు నోరు పారేసుకున్నారు. జనవరి 7న వాళ్ల ప్రభుత్వమే వాళ్లను సస్పెండ్ చేసింది. ఇక్కడ మాత్రం 'మాల్దీవులు వద్దు, లక్షద్వీప్ ముద్దు' అంటూ సోషల్ మీడియా ఊగిపోయింది.

ఫలితం ఏమిటో అంకెల్లో చూద్దాం. 2023లో మాల్దీవులకు వెళ్లిన భారతీయులు 2 లక్షల 9 వేల పైచిలుకు. ఆ ఏడాది అన్ని దేశాల్లోకీ మనమే ముందున్నాం. 2024లో ఆ సంఖ్య సుమారు 1 లక్షా 30 వేలకు పడిపోయింది. కానీ అదే 2024లో మాల్దీవులకు వచ్చిన మొత్తం టూరిస్టులు 20 లక్షలు దాటారు. మనం పోకపోతే వాళ్ల గదులేమీ ఖాళీగా ఉండలేదు.

మరి వాళ్లను వదిలేసి లక్షద్వీప్ పోదామనుకున్నవాళ్లకు అక్కడ ఎంత చోటుంది? ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

32 చదరపు కిలోమీటర్ల మీద 64 వేల మంది

లక్షద్వీప్‌లో మొత్తం 36 దీవులు. జనం ఉండేవి పది. మొత్తం భూమి 32 చదరపు కిలోమీటర్లు. అంటే మన జంటనగరాల్లో ఒక మూలకు సరిపోయే జాగా. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 64,473 మంది ఉన్నారు. దీవులు కొచ్చి నుంచి 220 నుంచి 440 కిలోమీటర్ల దూరంలో చెల్లాచెదురుగా ఉంటాయి. చాలా చోట్ల నేల సముద్ర మట్టానికి ఒకటి రెండు మీటర్ల ఎత్తులోనే ఉంటుంది.

అక్కడి జనం మాట్లాడేది మలయాళానికి దగ్గరైన జెసరి. మినీకాయ్‌లో మాత్రం మాల్దీవుల దివేహి భాషకు చెల్లెలు లాంటి మహల్ మాట్లాడతారు. హజ్రత్ ఉబైదుల్లా అనే మహనీయుడు తమకు ఇస్లాం తెచ్చారని దీవుల వాళ్ల నమ్మకం. ఆయన మజార్ ఆంద్రోత్‌లో ఉంది. కవరత్తిలోని ఉజ్రా మసీదు పైకప్పు చెక్కడాలు చూసేందుకు వెళ్లినవాళ్లంతా ఆగుతారు.

ఇంకో విశేషం ఉంది, మన దగ్గర చాలామందికి ఇది వింతగా ఉంటుంది. ఇక్కడి ముస్లిం కుటుంబాల్లో తరవాడు ఆస్తి తల్లి వైపు నుంచి నడుస్తుంది. ఇల్లు, కొబ్బరి చెట్లు అమ్మ నుంచి కూతురికి పోతాయి. పెళ్లయినా ఆడపిల్ల సాధారణంగా పుట్టింటి గడప దాటదు. రాజ్యాంగం దృష్టిలో ఇక్కడి స్థానికుల్లో దాదాపు అందరూ షెడ్యూల్డ్ తెగల వాళ్లు. అందుకే 1964 నాటి రక్షణ నిబంధనల ప్రకారం బయటివాళ్లు అక్కడ భూమి కొనడం కుదరదు. 1967 నిబంధనల ప్రకారం పర్మిట్ లేకుండా అడుగు పెట్టడం కూడా కుదరదు.

ఈ రెండు నిబంధనలను గుర్తు పెట్టుకోండి. ఇప్పటి గొడవంతా వీటి చుట్టూనే తిరుగుతోంది.

యాట్ చార్టర్ అంటే అసలు ఏమిటి?

ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపించే వీడియోలు చూసి మన పిల్లలు కూడా అడుగుతున్నారు: సొంతంగా ఒక యాట్ మాట్లాడుకుని దీవుల మధ్య తిరిగితే ఎట్లా ఉంటుంది, ఎంతవుతుంది అని. మాల్దీవుల్లో దీన్ని సఫారీ బోటు అంటారు. ఏడు రోజులు పడవలోనే పడక, పడవలోనే భోజనం. రోజుకో దీవి పక్కన ఆగడం. మన దగ్గర కొచ్చిలో బోల్గట్టి మెరీనా ఉంది. అండమాన్‌లో కూడా చార్టర్లు నడుస్తాయి. లక్షద్వీప్‌కు పోవాలంటే పడవకూ మనుషులకూ వేర్వేరుగా అనుమతులు కావాలి.

కామర్స్ చదివినవాణ్ణి కాబట్టి ముందు బిల్లు చూస్తాను. చార్టర్ ధర అని చెప్పేది పడవకూ సిబ్బందికీ మాత్రమే. డీజిల్, భోజనం, పోర్టు ఫీజులు విడిగా ఉంటాయి. వీటికోసం ముందే తీసుకునే సొమ్మును అడ్వాన్స్ ప్రొవిజనింగ్ అలవెన్స్ అంటారు. అది చార్టర్ ధరలో 25 నుంచి 35 శాతం దాకా ఉండటం ఈ వ్యాపారంలో మామూలే. సిబ్బందికి టిప్పు ఇంకో పది శాతం దాకా. పన్నులు, విమానం టికెట్లు ఆ పైన.

ఉదాహరణకు ఆరుగురున్న కుటుంబం వారానికి 10 లక్షల పడవ మాట్లాడుకుందనుకోండి. ఖర్చుల అడ్వాన్స్ 30 శాతం అంటే 3 లక్షలు. టిప్పు లక్ష. మొత్తం 14 లక్షలు. తలకు 2 లక్షల 33 వేలు. ఇంకా మాలే పోయే టికెట్ కొనలేదు. అక్కడి ప్రభుత్వం 2025 జులై 1 నుంచి టూరిజం మీద జీఎస్టీని 16 నుంచి 17 శాతానికి పెంచింది. అదే ఏడాది జనవరి నుంచి రిసార్టుల్లో, సఫారీ బోట్లలో ఉండేవాళ్లకు తలకు రోజుకు 12 డాలర్ల గ్రీన్ టాక్స్ కూడా వేస్తోంది. ఆరుగురికి ఏడు రోజులంటే ఆ పన్నొక్కటే 504 డాలర్లు.

ఇది మన మధ్యతరగతికి అందే వ్యవహారం కాదని వేరే చెప్పక్కర్లేదు. అసలు ప్రశ్న వేరే ఉంది. ఈ 14 లక్షల్లో ఆ దీవుల మనిషి చేతికి ఎంత పోతుంది?

డబ్బు ఎక్కడ ఆగుతుంది?

పడవ ఓనరు వేరే ఊరివాడు. బుకింగ్ ఏజెంటు మహానగరంలో. డీజిల్ పెద్ద రేవులో నింపుకుంటారు. కూరగాయలు, కోళ్లు, పాలు అన్నీ అక్కడే ఎక్కిస్తారు. రాత్రి పడక కూడా పడవలోనే. దీవిలో దిగేది రెండు గంటలు. కొనేది నాలుగు కొబ్బరి బోండాలు, కాస్త చేప, ఒక గైడు కూలి.

పై 14 లక్షల్లో 3 శాతం దీవిలో ఖర్చయిందనుకుందాం. 42 వేలు. అదే ఆరుగురు ఒక దీవిలో స్థానికుల ఇంట్లో ఐదు రోజులుండి, గదికీ తిండికీ తలకు రోజుకు 2 వేలు ఇచ్చారనుకుందాం. మొత్తం 60 వేలు. అందులో 80 శాతం ఆ ఇంటికీ ఆ వీధికీ మిగిలితే 48 వేలు. ఈ శాతాలు లెక్క అర్థం కావడానికి నేను అనుకున్నవే. కానీ విషయం స్పష్టంగానే ఉంది: 14 లక్షల యాట్ కంటే 60 వేల హోమ్‌స్టే దీవికి ఎక్కువ ఇవ్వగలదు.

మాల్దీవులు ఈ పాఠం ఆలస్యంగా నేర్చుకున్నాయి. 1972లో కురుంబా రిసార్టుతో అక్కడ టూరిజం మొదలైంది. ఆ తర్వాత దశాబ్దాలపాటు 'ఒక దీవికి ఒక రిసార్టు' పద్ధతి నడిచింది. జనం లేని దీవిని లీజుకిస్తారు. అక్కడ మద్యం దొరుకుతుంది, విదేశీ పద్ధతులు నడుస్తాయి. జనం ఉండే దీవుల్లో టూరిస్టు రాత్రి ఉండటానికి లేదు. మతం, ఆచారం కాపాడుకున్నామన్నారు. నిజమే, కానీ డబ్బు కూడా రిసార్టు గోడ దాటలేదు. లాభాలు కొద్ది కుటుంబాలకూ విదేశీ కంపెనీలకూ చేరాయి. 2022 జనాభా లెక్కల్లో ఆ దేశంలో ఉంటున్న 5 లక్షల 15 వేల మందిలో నాలుగో వంతు విదేశీయులే, అందులో ఎక్కువమంది కూలికి వచ్చినవాళ్లు.

2009లో నషీద్ ప్రభుత్వం ఊళ్లు ఉన్న దీవుల్లో గెస్ట్ హౌసులకు దారి తెరిచింది. మాఫుషి లాంటి మామూలు దీవులు దీనితోనే నిలదొక్కుకున్నాయి. అక్కడ మద్యం లేదు. ఊరి బీచ్‌లో ఒంటి నిండా బట్టలు కట్టుకోవాలి, స్నానాల కోసం విడిగా ఒక బీచ్. అయినా జనం వస్తున్నారు. మతాన్నీ రోజీనీ ఒకే ఊళ్లో నిలబెట్టుకోవచ్చని ఒక ముస్లిం దేశం చేసి చూపించింది.

లక్షద్వీప్‌లో దారి ఎటు?

మనవాళ్లు మాల్దీవుల కొత్త పద్ధతి కాకుండా పాత పద్ధతి వైపు నడుస్తున్నారు. నీతి ఆయోగ్ దీవుల అభివృద్ధి పథకంలో మినీకాయ్, సుహేలి, కడమత్‌లలో నీళ్లమీద విల్లాల రిసార్టులు పెట్టాలని ప్లాన్ వేశారు. 2023 జనవరిలో టాటాల ఇండియన్ హోటల్స్ సంస్థ సుహేలి, కడమత్‌లలో రెండు తాజ్ రిసార్టులు ప్రకటించింది. ఒక్కో దానిలో 110 విల్లాలు. సుహేలిలో 50, కడమత్‌లో 35 విల్లాలు నీళ్లమీద లేస్తాయని చెప్పింది.

బయటివాళ్లు భూమి కొనకూడదు కదా, మరి ఇది ఎట్లా? ఇక్కడే పండారం భూములు వస్తాయి. ఒకప్పుడు ఈ దీవుల్లో చాలా భాగం కన్నూరులోని అరక్కల్ రాజవంశం కింద ఉండేది. కేరళలో రాజ్యం చేసిన ఒకే ఒక్క ముస్లిం వంశం అది. వాళ్ల ఖజానాకు చెందిన భూములను పండారం అనేవాళ్లు. తరాలుగా స్థానిక కుటుంబాలు వాటిలో కొబ్బరి వేసుకుని బతుకుతున్నాయి. 20వ శతాబ్దం మొదట్లో ఆ హక్కులు బ్రిటిష్ వాళ్లకు పోయాయి, ఆ తర్వాత మన ప్రభుత్వానికి వచ్చాయి. ఇప్పుడు పాలనా యంత్రాంగం 'ఇది సర్కారు భూమి' అంటోంది. 'మా తాతల నుంచి సాగు మాది' అని జనం అంటున్నారు. 2024లో ఈ భూముల స్వాధీనం మీద దీవుల్లో నిరసనలు జరిగాయి. వివాదం కేరళ హైకోర్టు దాకా వెళ్లింది.

దీనికి ముందు 2021 గొడవ ఉండనే ఉంది. 2020 డిసెంబరులో ప్రఫుల్ ఖోడా పటేల్ అడ్మినిస్ట్రేటర్‌గా వచ్చాక వరసగా ముసాయిదాలు దిగాయి. ఏ ప్రాంతాన్నైనా ప్రణాళికా ప్రాంతంగా ప్రకటించి భూమి వాడకాన్ని మార్చే అధికారమిచ్చే డెవలప్‌మెంట్ అథారిటీ నిబంధనలు ఒకటి. నేరాలు చాలా తక్కువగా ఉండే చోట గూండా చట్టం ఒకటి. పశువధ మీద ఆంక్షలు ఒకటి. ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హత ఒకటి. 2021 మే 31న కేరళ అసెంబ్లీ ఆయన్ను వెనక్కి పిలవాలని తీర్మానం చేసింది. జూన్ 7న దీవుల జనం ఎవరి ఇళ్లలో వాళ్లు నిరాహార దీక్ష చేశారు. ఒక్క రాయి పడలేదు. 2023 ఆగస్టులో మద్యం నియంత్రణ ముసాయిదా మీద జనాభిప్రాయం అడిగారు. ఇప్పటిదాకా బంగారం దీవిలోని రిసార్టులో తప్ప మద్యం లేని ప్రాంతం అది.

టూరిజం పెరగొద్దని అక్కడివాళ్లు అనడం లేదు. చదువుకున్న పిల్లలున్నారు. అక్షరాస్యత 92 శాతానికి దగ్గర. ఉద్యోగాలు కావాలి. వాళ్ల బాధ ఒకటే: టూరిజం మా చేత నడవాలి, మమ్మల్ని పక్కకు జరిపి కాదు.

నీళ్ల లెక్క, పగడం లెక్క

పగడపు దీవిలో నది ఉండదు, చెరువు ఉండదు. వాన నీరు ఇసుకలో ఇంకి, కింద ఉప్పునీటి మీద పలుచని పొరలా తేలుతుంది. బావిలో తోడుకునేది ఆ పొరే. ఎక్కువ తోడితే ఉప్పు పైకొస్తుంది.

అందుకే సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంట్లు పెడుతున్నారు. మోదీ 2024లో కడమత్‌లో ప్రారంభించిన ప్లాంటు రోజుకు 1.5 లక్షల లీటర్లు ఇస్తుంది. 2011 లెక్కల్లో కడమత్ జనాభా దాదాపు 5,400. అంటే మనిషికి రోజుకు 28 లీటర్లు కూడా రావు. ఇప్పుడు 110 విల్లాల్లో ఇద్దరేసి చొప్పున 220 మంది దిగారనుకోండి. స్నానాలు, లాండ్రీ అన్నీ కలిపి మనిషికి 300 లీటర్లు వేసుకుంటే రోజుకు 66 వేల లీటర్లు. ఊరి ప్లాంటు ఇచ్చేదాంట్లో 44 శాతం. రిసార్టు సొంత ప్లాంటు పెట్టుకోవచ్చు. అప్పుడు కరెంటు ఎక్కడిది, మిగిలిన ఉప్పు నీరు ఎక్కడ వదులుతారు అనేది తర్వాతి ప్రశ్న.

ఇక పగడం. దీవి నిలబడేదే దాని మీద. అల పెద్దదైనప్పుడు దెబ్బ కాసేది అదే, చేపకు ఇల్లు అదే. ఇక్కడి జాలర్లు వల వేయకుండా గాలంతో ఒక్కొక్క ట్యూనా చేపనూ లాగుతారు. దానికి ఎర అయ్యే చిన్న చేపలు లగూన్‌లోని పగడాల మధ్యే దొరుకుతాయి. యాట్ వచ్చి లంగరు వేస్తే గొలుసు గాలికి అటూ ఇటూ ఊగి కింద పగడాన్ని నలగ్గొడుతుంది. గట్టి పగడం ఏడాదికి సెంటీమీటరు పెరగడం కూడా కష్టమే. ఒక రాత్రి లంగరు ఒక తరం పనిని చెడగొట్టగలదు. లంగరు వేయకుండా కట్టుకునే బోయలు ముందే అమర్చడం దీనికి ఉపాయం. అది ఖర్చుతో కూడిన పని, పడవలు రాకముందే జరగాల్సిన పని.

సముద్రం వేడెక్కడం వల్ల ఇప్పటికే నష్టం పెద్దది. 1998, 2010, 2016లో పగడాలు తెల్లబడ్డాయి. 2024లో మళ్లీ తీవ్రంగా తెల్లబడ్డాయని కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ చెప్పింది. నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ పరిశోధకులు 24 ఏళ్లు గమనించి తేల్చింది ఇదీ: 1998లో సుమారు 37 శాతం ఉన్న పగడాల విస్తీర్ణం 2022కు 19 శాతానికి దిగింది. బంగారం దగ్గరి పరలి-1 అనే చిన్న నిర్జన దీవి కోతకు గురై పూర్తిగా మాయమైందని 2017లోనే బయటపడింది. దీవులు మునుగుతాయనేది భవిష్యత్తు మాట కాదు. ఒకటి పోయింది.

అండమాన్ చెప్పే మాట

మన తెలుగువాళ్లకు బాగా తెలిసిన దీవులు అండమాన్. 2011 లెక్కల ప్రకారం అక్కడ తెలుగు మాతృభాష అయినవాళ్లు 50 వేలకు పైనే, జనాభాలో 13 శాతం. శ్రీకాకుళం, విశాఖ తీరం నుంచి వెళ్లిన మత్స్యకార కుటుంబాలు వాళ్లలో చాలా ఉన్నాయి. మన హైదరాబాద్‌కు ఇంకా పాత బంధం. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి కోఠి రెసిడెన్సీ మీద దాడికి నాయకత్వం వహించిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమాన్‌కే పంపారు. అక్కడే కన్నుమూశారు. 1921 మలబార్ తిరుగుబాటు తర్వాత పంపిన మాప్పిళ్లలు అక్కడే స్థిరపడి, కాలికట్, మంజేరి అని తమ ఊళ్ల పేర్లే పెట్టుకున్నారు.

అంటే అండమాన్ మనకు వట్టి బీచ్ కాదు. కానీ అక్కడ కూడా టూరిజం ఎట్లా పెరిగిందో చూడండి. 2018 ఆగస్టులో 29 దీవుల్లో విదేశీయులకు ప్రత్యేక పర్మిట్ నిబంధన సడలించారు. అందులో నార్త్ సెంటినెల్ కూడా ఉంది. అడుగు పెట్టకూడదన్న గిరిజన రక్షణ చట్టం అలాగే ఉంది, సంకేతం మాత్రం మారింది. ఆ నవంబరులోనే ఒక అమెరికా యువకుడు డబ్బిచ్చి జాలరి పడవలో ఆ దీవికి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు. 2025 మార్చి చివర్లో ఇంకో అమెరికన్ అదే దీవి మీద కూల్‌డ్రింక్ డబ్బా వదిలి వచ్చి అరెస్టయ్యాడు. ప్రైవేటు పడవ అంటే మనిష్టం వచ్చిన చోటికి పోవడం అనుకునేవాళ్ల వల్ల వచ్చే ప్రమాదం ఇది. ఆ తెగకు మన జలుబు కూడా ప్రాణాంతకం.

బిత్రా సంగతి

మళ్లీ బిత్రా దగ్గరికి వద్దాం. 2011లో అక్కడి జనాభా 271. జనం ఉండే పది దీవుల్లో అన్నింటికంటే చిన్నది. దేశ రక్షణ అవసరం ఉంటే కాదనేవాళ్లు ఎవరూ లేరు. లక్షద్వీప్‌లో రక్షణ కోసం ఇప్పటికే భూములు తీసుకున్నారు, జనం ఇచ్చారు. కానీ ఊరు మొత్తం లేపేయాలంటే ముందు ఊరితో మాట్లాడాలి. ఎంపీ హమ్దుల్లా సయీద్ దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. పంచాయతీల గడువు తీరి, ఎన్నికలు జరగక, ప్రశ్నించే స్థానిక సభలే లేని సమయంలో ఈ నోటిఫికేషన్ వచ్చింది.

2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అధ్యయనం పెట్టింది ఊరికే కాదు. ఎంతమంది పోతారు, వాళ్ల రోజీ ఏమవుతుంది, వేరే జాగా ఉందా అని ముందే చూడాలని. ప్రైవేటు కంపెనీ కోసమైతే 80 శాతం కుటుంబాల ఒప్పుకోలు కావాలి. ప్రభుత్వం తన సొంత అవసరమని చెబితే ఆ షరతు ఉండదు. అందుకే 'ప్రజా ప్రయోజనం' అనే మాట వెనక ఏముందో అడగడం పౌరుడి హక్కు. రైల్వే గోడ పక్కన, సర్కారు స్థలం పక్కన బతికే మన లాలాగూడ బస్తీలకు ఆ మాట కొత్త కాదు.

మనం పోవాలనుకుంటే

లాలాగూడలో రైల్వే కుటుంబాలు ఎక్కువ. వర్క్‌షాపులో, ఆస్పత్రిలో పనిచేసేవాళ్లకు పాసు ఉంటుంది. సికింద్రాబాద్‌లో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఒక రోజులో ఎర్నాకుళం. అక్కడి విల్లింగ్‌డన్ దీవి నుంచే లక్షద్వీప్ ఓడలు. కేంద్ర ఉద్యోగులకు ఎల్‌టీసీలో అండమాన్‌కు విమాన ప్రయాణ సడలింపు ఉంది, లక్షద్వీప్‌కు లేదు. మన చుట్టుపక్కల అండమాన్ చూసొచ్చినవాళ్లు దొరికి, లక్షద్వీప్ చూసినవాళ్లు దొరకకపోవడానికి అదీ ఒక కారణం.

పోయేవాళ్లకు కొన్ని మాటలు:

పర్మిట్ తప్పనిసరి. పోలీసు క్లియరెన్స్, స్థానిక స్పాన్సర్ లేదా గుర్తింపు ఉన్న ఏజెంటు కావాలి. పర్మిట్ తర్వాత చూసుకుందాం, ముందు డబ్బు కట్టండి అనే వాట్సాప్ ప్యాకేజీని నమ్మొద్దు.

ప్రభుత్వ టూరిజం సంస్థ స్పోర్ట్స్ నడిపే సముద్రం ప్యాకేజీలో ఓడలోనే ఉంటూ కవరత్తి, కల్పేని, మినీకాయ్ చూడొచ్చు. వానాకాలంలో సముద్రం గరుకు, అక్టోబరు నుంచి మే మధ్య దాకా మేలు. అగత్తి రన్‌వే చిన్నది, చిన్న విమానాలే దిగుతాయి.

ఓడ టికెట్ల విషయంలో ఒక ఆలోచన చేయండి. 2022లో చాలా ఓడలు మరమ్మతుల్లో ఉండిపోయి, కొచ్చి ఆస్పత్రులకు పోవాల్సిన రోగులు, పరీక్షలున్న విద్యార్థులు టికెట్ దొరక్క అవస్థ పడ్డారు. మనకు అది విహారం, వాళ్లకు అది అంబులెన్సు. వాళ్ల సెలవుల రద్దీలో పోకపోవడం మర్యాద.

చిన్న పడవ ఎక్కినా పెద్ద పడవ ఎక్కినా రిజిస్ట్రేషన్, ఎంతమందికి అనుమతి, లైఫ్ జాకెట్లు అడగండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో ఏం జరిగిందో మరిచిపోలేదు. 2023 మే 7న కేరళలోని తానూరులో చేపల పడవను టూరిస్టు పడవగా మార్చి, పరిమితికి మించి ఎక్కించి నడిపితే 22 మంది చనిపోయారు. ఒకే ముస్లిం కుటుంబంలో 11 మంది. జాకెట్ లేదంటే దిగిపోండి. పిల్లలు అలిగినా పర్వాలేదు.

పగడం ముక్క జేబులో వేసుకోవడం వన్యప్రాణి చట్టం కింద నేరం. ఊళ్లో తిరిగేటప్పుడు బట్టలు, ఫొటోలు చూసుకోండి. హలాల్ ఎక్కడ దొరుకుతుందని వెతకక్కర్లేదు, జుమా ఎక్కడ అని అడగక్కర్లేదు. అక్కడ మనం అతిథులం, కానీ పరాయివాళ్లం కాదు. డబ్బు వీలైనంతవరకు స్థానికుల చేతికే ఇవ్వండి.

ఇక చూడాల్సినవి

రాబోయే రోజుల్లో నాలుగు విషయాల మీద కన్నేసి ఉంచాలి. బిత్రా అధ్యయనంలో ఏం రాశారు, ఊరివాళ్ల మాట అందులో ఉందా? పండారం భూముల కేసు ఎటు తేలుతుంది? పంచాయతీ ఎన్నికలు ఎప్పుడు పెడతారు? రిసార్టుల్లో ఎన్ని ఉద్యోగాలు దీవుల పిల్లలకు, ఏ హోదాలో?

యాట్ నడవొచ్చు, విల్లా లేవొచ్చు, విమానం దిగొచ్చు. వాటిలో ఏదీ తప్పు కాదు. కానీ 32 చదరపు కిలోమీటర్ల నేల మీద ఒక్కసారి తప్పు చేస్తే సరిదిద్దుకోవడానికి వేరే జాగా లేదు. హైదరాబాద్‌లో ఒక చెరువు కబ్జా అయితే ఇంకో చెరువు గురించి మాట్లాడుకుంటాం. అక్కడివాళ్లకు ఇంకో దీవి లేదు.